బార్దాన్ తీసిన బరువు

నవంబర్ 12

డాక్టరమ్మ ఒక నోటుపుస్తకం పెట్టమంది. అది ఆయన బరువుకు. ఇది నా నోటికి. నేను ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఆయనకు ఆయాసం పెరుగుతోందని నిఖిలేష్ నన్ను పక్కకు పిలిచి మందలించాడు. కన్నకొడుకు! సరే, ఇకనుంచి నా లొల్లి అంతా ఇందులోనే. దుకాణం పేరు అచ్చేసి గిరాకీలకు పంచగా మిగిలిన పాత డైరీ ఇది. అందులోని తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను.

మా ఆయన గుండె బలహీనపడి రెండేళ్లయింది. గుండయ్య సేఠ్ అంటే బేగంబజార్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ వాళ్లలోకెల్లా గొంతున్న మనిషి. ఈయన బేరమాడితే నాలుగు దుకాణాల అవతలకి వినపడేది. ఇప్పుడు నాలుగు మాటలకోసారి ఆగుతారు. రోజుకు ఏడు మాత్రలు. కాళ్ల వాపు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

డాక్టరమ్మ పేరు అమీనా బావజీర్. పాతబస్తీలో బార్కస్ పిల్ల. నలభై కూడా ఉండవు. ఇంత సన్నటి పిల్ల ఆయన గుండెను ఏం పట్టుకుంటుందని నాకు మొదట నమ్మకం కలగలేదు. ఆమె చీటీ వెనక బొమ్మ వేసి చూపించింది.

"గుండెల గిదొక తలుపు అమ్మా. రెండు రెక్కలుంటయి. గుండె ఉబ్బి పెద్దగైంది గద, రెక్కలు దూరం జరిగినై. మూసుకుంటలేవు. ముందుకు పోవాల్సిన రక్తం ఎన్కకు, ఊపిరితిత్తుల దిక్కు పోతున్నది. ఆయాసం గందుకే."

"మందులేసుకుంటనే ఉన్నరు గదమ్మా?"

"మందు గుండెకు తాకత్ ఇస్తది, నీళ్లను దించుతది. కొందరికి దాంతోనే తలుపు గూడ మంచిగైతది. ఇంకో రెండు నెలలు పూర డోసుల ఇచ్చి జూస్త. గప్పటికీ వినకపోతే తొడకాడి రక్తనాళంలకెళ్లి సన్న గొట్టం గుండెదాంక పంపి, రెండు రెక్కలను నడిమిట్ల క్లిప్పు పెట్టి పడ్త."

"ఛాతీ కొయ్యరా?"

"కొయ్యం. గుండె కొట్టుకుంటనే ఉంటది."

నేను నోరు తెరిచాను. మా దగ్గర చిల్లి బిందెకు మాటు వేయాలన్నా ముందు నీళ్లు పారబోసి, తుడిచి, ఎండబెట్టాలి. ఈ పిల్ల నిండుగా పారుతున్నదానికే మాటు వేస్తానంటోంది. బడాయేమో అనుకుని ఆమె ముఖం చూశాను. పెన్ను మూత కోసం వెతుక్కుంటోంది. బడాయి పోయే మనుషులు అలా ఉండరు.

లేచేముందు నాకు ఒక పని అప్పజెప్పింది. రోజూ పొద్దున బాత్రూంకు పోయొచ్చాక, చాయ్ తాగకముందు, పల్చటి బట్టల మీద, ఒకే కాంటా మీద ఆయన బరువు చూసి రాయాలి. వారంలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీళ్లు. వెంటనే ఫోన్ చేయాలి. "మందు పని జేస్తున్నదా లేదా అనేది నాకు మీ పుస్తకమే చెప్తది అమ్మా" అంది. నాకు ఆ మాట నచ్చింది. ఇంత చదువుకున్న పిల్ల నా రాతను నమ్ముకుంటానంది.

నవంబర్ 13

బరువు చూసే చిన్న మిషన్ కొనుక్కొస్తానని కోడలు కీర్తిప్రియ అంది. ఆయన ఒప్పుకోలేదు. "దుకాణంల నాలుగు కాంటలు పెట్టుకోని బయట కొంటమా? నలుగురు నవ్వుతరు" అన్నారు. నిఖిలేష్ దుకాణం నుంచి ఒక కాంటా ఆటోలో షాలిబండ ఇంటికి తెచ్చి హాల్లో పెట్టాడు. తూనికల ఆఫీసు ముద్ర ఉన్నది. గ్రాము తేడా చెప్పదు.

తీరా తెచ్చాక ఇంకో పేచీ. పల్చటి బట్టలంటే ధోవతి, బనియను. "గీ చలిల, కోడలు తిరిగే ఇంట్ల, బనియన్ మీద నిలవడుమంటవా?" అని స్వెటరూ శాలువా చెప్పులతో ఎక్కారు. మరి బట్టల బరువో? దానికీ ఆయన దగ్గర జవాబుంది.

"బార్దాన్ తీసి రాయి. మన కొట్ల డబ్బా బరువు, గోనె బరువు తీసే గదా సరుకు బరువు రాసేది. నలభై ఏండ్ల సంది చేస్తున్న పనేనాయె."

నిజమే. బార్దాన్ తీయకుండా మా ఇంట్లో ఏదీ తూకం కాదు. పుస్తకంలో నిలువుగా మూడు గీతలు కొట్టాను. మొత్తం 65.2. బార్దాన్, చేతి అంచనాకు, 1.2. నికరం 64. ఎంత అందంగా వచ్చిందో.

నవంబర్ 21

64.

కీర్తిప్రియ ఆయనకు వేరే పొయ్యి మీద ఉప్పు లేకుండా వండుతోంది. ఉప్పు లేని లోటు తెలియకుండా నిమ్మకాయ పిండుతుంది, వెల్లుల్లి దంచి వేస్తుంది. ముందు తను తిని చూసి ఆయనకు పెడుతుంది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి మళ్లీ ఈ వంట. నేనైతే నా అత్తకు ఇంత చేసేదాన్నా? చేసేదాన్ని కాదు. ఆ మాట ఆమెతో అనలేదు, నెత్తికెక్కుతుందని.

డిసెంబర్ 2

64. చలి.

డిసెంబర్ 9

పొద్దున కాంటా 66.4 చూపింది. ఆయన కిందికి చూసి, "మంకీ క్యాప్ పెట్టుకున్న, మేజోళ్లు ఏసుకున్న, లోపల ఊలు బనియనున్నది. బార్దాన్ రెండు పైన తియ్యి" అన్నారు. 2.4 తీశాను. నికరం 64. చలి బాగా ముదిరింది మరి.

డిసెంబర్ 15

64. ఆయన మంచం మీద పడుకోవడం లేదు. కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. పడుకుంటే ఆయాసం అంటారు. చలికి.

డిసెంబర్ 16

64. చలికే.

డిసెంబర్ 19

మెట్ల మీద రెండుసార్లు ఆగారు. ఫోన్ చేద్దామా అన్నాను. "పుస్తకం ఏమంటున్నది?" అని అడిగారు. 64 అంటున్నది అన్నాను. "మరింకేంది?" అన్నారు. నిజమే కదా, పుస్తకం 64 అంటున్నప్పుడు ఇంకేముంది.

డిసెంబర్ 22

మొత్తం 67.6. బార్దాన్ 3.5. నికరం 64.1.

రాయడానికేం లేదు.

డిసెంబర్ 24

తెల్లవారుజామున ఆయన కుర్చీలోంచి లేచి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయారు. పెదాలు నల్లబడ్డాయి. నిఖిలేష్ ఎత్తుకున్నట్టే కిందికి దించాడు. ఆసుపత్రికి పోయే దారిలో నయాపూల్ వంతెన ఖాళీగా ఉంది, దేవుడి దయ.

ముక్కుకు బిగుతుగా మాస్కు పెట్టారు, సూది మందు ఇచ్చారు. తొమ్మిదింటికి మనిషి మనిషయ్యారు. డాక్టరమ్మ వచ్చి నా నోటుపుస్తకం తిప్పింది. చివరి గీత, నికరం మీద వేలు పెట్టి కిందిదాకా జరిపింది.

"మొన్న అరవై నాలుగు. ఇయ్యాల మా మిషన్ మీద అరవై ఆరున్నర. రెండు రోజుల్ల రెండున్నర కిలోల నీళ్లా? మీ కాంటా మంచిగనే ఉన్నదా?"

"మా కాంటా తప్పు చెప్పది మేడమ్. సర్కారు ముద్ర ఉన్నది" అన్నాడు నిఖిలేష్. ఆ గొంతులో మా దుకాణం గర్వమంతా ఉంది.

"అయితే ఈ రెండు రోజుల్ల ఉప్పు పడ్డది. పచ్చడో, అప్పడమో, హోటల్ తిండో. ఇంట్ల అడుగుండ్రి" అంది. తర్వాత చాలాసేపు గుండె ఎకో ఫొటోలు చూసి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. "నెలన్నర మంచిగ నిలవడ్డ మనిషి, పూర డోసు మీద ఉండి గూడ రెండు రోజుల్ల గిట్ల మునిగిపోయిండంటే, మందు మీద ఇంక భరోసా వద్దు. లీకు మస్తున్నది. సోమవారం క్లిప్పు పెట్టేద్దం."

సోమవారం! ఇంకా ఆరు రోజులే. ఆయన మాస్కులోంచే నావైపు చూసి తల ఊపారు. నిఖిలేష్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ సంతోషించాను. సంతోషించాననే రాస్తున్నాను.

డిసెంబర్ 25

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో నిఖిలేష్ తన భార్యను నిలదీశాడు. "బాపుకు ఏం పెట్టినవ్? మర్చిపోయి మన గిన్నెలది పెట్టినవా? నిజం చెప్పు." కీర్తిప్రియ లేదు అంది. ఒక్కసారే అంది. వాడు మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ నావైపు చూసింది. నేను మందుల చీటీ చదువుతున్నట్టు తల దించుకున్నాను.

ఆమె ఏడవలేదు. డబ్బా తీసుకుని సాయంత్రానికి గంజి వండుకురావడానికి ఇంటికి వెళ్లింది.

సోమవారం దాకా ఆగితే చాలు. క్లిప్పు పడితే ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

డిసెంబర్ 26

పొద్దున ఆయన పక్కన కూర్చుని ఉండగా డాక్టరమ్మ తన కింద పనిచేసే పిల్ల డాక్టర్లకు చెబుతోంది. ఒంట్లో నీళ్లు నిండి ఉన్నప్పుడు లీకు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుందట. మందుతో నీళ్లు మొత్తం దించాక కొలిస్తే ఒక్కోసారి సగానికి సగం తగ్గుతుందట. "గీయన సంగతి వేరు. నెలన్నర బరువు పెరగలే, మందు మంచిగ పడ్డది, గయినా లీకు తగ్గలే" అంది. పక్కనే నా పుస్తకం ఉంది. నా పుస్తకాన్ని చూపించే ఆ మాట అంది.

ఆటో పట్టుకుని ఇంటికి వచ్చాను. స్వెటరు, శాలువా, ఊలు బనియను, మంకీ క్యాప్, మేజోళ్లు, చెప్పులు, అన్నీ ఒక మూట కట్టి కాంటా మీద పెట్టాను. 1.6.

కాంటా చెప్పాక తెలిసిందని రాయబోయాను. అబద్ధం. నలభై ఏళ్లు గిన్నెల మధ్య బతికిన చేయి ఇది. చెంబు చేతికిస్తే ఎన్ని గ్రాములో చెప్తాను, ఆయనే పది మందిలో పందెం కాసి గెలిచారు. ఆ స్వెటర్ ఉతికేది నేనే, ఆరేసేది నేనే. ఆ బట్టలన్నీ కలిసి మూడున్నర కిలోలు కావని డిసెంబర్ తొమ్మిది నాడే నా చేతికి తెలుసు. ఫోన్ చేస్తే ఆసుపత్రికి రమ్మంటారని, వెళితే ఆయన తిరిగి రారని భయం. అంతే. చలి కాదు, భయం.

మళ్లీ ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను. చెబితే సోమవారం పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల నా దొంగ తూకం నమ్మి ఆయన గుండెలోకి గొట్టం పంపుతుంది. అవసరం ఉన్నా లేకున్నా పంపుతుంది.

డాక్టరమ్మ గదిలో కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. బట్టల మూట బల్ల మీద పెట్టాను.

"బార్దాన్ ఎక్కువ తీసిన బిడ్డా. ఎక్కువని తెలిసే తీసిన. రెండు రోజుల్ల పెరిగిన బరువు గాదు అది. రెండు వారాల సంది పెరుగుతున్నది. నా కోడలు ఉప్పు పెట్టలే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే ఉంది నాకు. ఆమె పుస్తకం తెరిచింది. ఈసారి మొదటి గీత, మొత్తం మీద వేలు పెట్టింది. తర్వాత పెన్సిల్ తీసుకుని, ఏ రోజుకారోజు మొత్తంలోంచి బట్టల అసలు బరువు తీసేసి పక్కన రాసుకుంటూ పోయింది. ఒక్కోచోట నన్ను అడిగింది, ఆరోజు ఊలు బనియను ఉందా లేదా అని. నేను గుర్తుచేసుకుని చెప్పాను. ఇద్దరం అరగంట ఆ పని చేశాం. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో, ఆమె ఒక్కసారి కూడా తలుపు వైపు చూడలేదు.

"మీరు అబద్ధం రాయలే అమ్మా" అంది చివరికి. "మొత్తం రాసిన్రు, తీసింది రాసిన్రు. ఏదీ దాపెట్టలే. నేనే ఆఖరి గీత ఒక్కటి జూసి వదిలేసిన. గల్తీ నాది గూడ."

ఇంత పెద్ద డాక్టరు, నా ముఖం మీద ఆ మాట అంది. నా తప్పులో సగం తన భుజానికెత్తుకుంది. నేను అప్పుడు కూర్చున్నాను.

"గిదో, తొమ్మిది తారీఖు కాడ నీళ్లు ఎక్కుడు షురువైంది. గప్పుడే గనక ఫోన్..." అని, ఆ మాట సగంలో ఆపేసింది. ఆపినందుకు ఆమెకు చేతులెత్తి మొక్కాలి. మిగతా సగం నాకు తెలియక కాదు.

సోమవారం రద్దయింది. "నీళ్ల మందు డోసు పెంచుత. మూడు వారాలు సరైన బరువు మీద పెట్టి, అప్పుడు లీకు కొలుస్త. మందుతోనే తగ్గితే క్లిప్పే అక్కర్లే. తగ్గకపోతే నేను ధైర్యంగ పెడ్త. గీ మూడు వారాలు మీకు కష్టమే. ఫికర్ జెయ్యకుండ్రి, ఫోన్ మాత్రం జెయ్యిండ్రి" అంది.

నిఖిలేష్ గోడకు తల కొట్టుకున్నాడు. "డేట్ చేతికొచ్చింది అమ్మా! ఏమక్కర ఉండె ఇప్పుడు చెప్పుడు?" అన్నాడు. ఆయన మంచం మీంచి చెయ్యి ఎత్తారు. "తియ్యమన్నది నేను... తీసింది ఆమె... ఇద్దరం చేసిన తూకం" అన్నారు. ఆ నాలుగు మాటలకు ఆయనకు ఎంత ఊపిరి ఖర్చయిందో చూసి నిఖిలేష్ నోరు మూశాడు.

సాయంత్రం కీర్తిప్రియ గంజి తెచ్చింది. వరండాలో ఆమె చెయ్యి పట్టుకుని, నా తప్పు నీ మీద పడితే చూస్తూ కూర్చున్నానమ్మా అన్నాను. ఆమె గంజి డబ్బా పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "నేను ఉప్పు వెయ్యలేదని మీకు ఎర్కే గద అత్తమ్మా. మీరు చెప్తరని ఊకున్న" అంది.

చెప్తాననుకుందట. ఒక పూర్తి రోజు అలా ఎదురుచూసింది. చెంపదెబ్బ కొట్టినా ఇంత తగిలేది కాదు.

డిసెంబర్ 27

నిఖిలేష్ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

జనవరి 3

ఇంటికి తెచ్చాం. నేనే పోయి బరువు చూసే చిన్న మిషన్ కొనుక్కొచ్చి పడక గదిలో పెట్టాను. తలుపు వేసి, ఒక్క ధోవతి మీద ఎక్కిస్తున్నాను. ఆయన సిగ్గుపడుతున్నారు. పెళ్లయి నలభై మూడేళ్లు, నా ముందు సిగ్గేంటో. 64.2.

జనవరి 8

63.9. రెండు పూటలా ఫోన్ చేశాను. రెండోసారి ఏమీ లేకపోయినా చేశాను. డాక్టరమ్మ విసుక్కోలేదు.

జనవరి 12

మంచం మీద మూడు దిండ్లతో పడుకున్నారు. వాపు లేదు. కానీ పూజగది నుంచి హాలుకు వచ్చేసరికి ఆయాసం. 63.8.

ఆమెను నమ్మాను. నమ్మాను గానీ, ఈ మూడు వారాల్లో ఏమైనా అయితే దాన్ని నేను ఏ గీతలో రాసుకోను?

జనవరి 20

ఎకో పరీక్ష అయింది. డాక్టరమ్మ తనే కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పెళ్లికూతురి నగను తూచినట్టు తూచింది. తర్వాత మా వైపు తిరిగింది.

"నీళ్లు పూర దిగినై. గుండె గోడల పని రవ్వంత మంచిగైంది. కానీ లీకు గట్లనే ఉన్నది. ఇప్పుడు నాకు ఏ షక్ లేదు. గిది నీళ్లు జేసిన లీకు గాదు, తలుపుదే. ఇంతకన్న మందు చెయ్యలేదు. క్లిప్పు పెడ్త."

"మొదట్ల గూడ గదే అన్నరు గద మేడమ్?" అన్నాడు నిఖిలేష్, కొంచెం ఎత్తిపొడుపుగానే.

"అన్న. గప్పుడు మీ బాపు ఊపిరితిత్తులల్ల నీళ్లున్నయి. మత్తు ఇచ్చి గొట్టం ఏస్తే చేతిలకెళ్లి పోయే ప్రమాదం ఉండె. మీ అమ్మ చెప్పవట్టి ఆగిన" అంది. బయటికి వచ్చాక వాడు నా చేతిలోని సంచి తీసుకున్నాడు. నెల తర్వాత వాడు నాకు దగ్గరగా నడిచాడు.

జనవరి 27

పొద్దున ఎనిమిదికి లోపలికి తీసుకెళ్లారు. ఆయన స్ట్రెచర్ మీంచి నిఖిలేష్‌ను పిలిచి, కుక్కర్ల లోడు వస్తుందని, దింపుకోమని చెప్పారు. నాకేమీ చెప్పలేదు. చేతిని మాత్రం గట్టిగా పట్టుకుని, వాళ్లు లాగాక వదిలారు.

కీర్తిప్రియ బడికి సెలవు పెట్టి నా పక్కన కూర్చుంది. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. లోపల ఆయన తొడ దగ్గర సూది బెజ్జమంత దారి చేసి, అక్కడినుంచి గుండెదాకా గొట్టం పంపి, గుండెలో రెండు గదుల మధ్య గోడను చిన్నగా దాటి, కొట్టుకుంటున్న ఆ తలుపు రెక్కలను పట్టుకోవాలి. ఇవన్నీ ఆమె బొమ్మ వేసి చెప్పింది కాబట్టి నాకు తెలుసు. తెలిసి కూర్చోవడం తెలియక కూర్చోవడం కంటే నయమా? నాకైతే నయమే. ఆమె ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో మనసులో చూసుకుంటూ కూర్చున్నాను. పదిన్నరకు గోడ దాటి ఉంటుందనుకున్నాను. పదకొండుకు మనసు కూడా ఆగిపోయింది. కీర్తిప్రియ నా వీపు మీద చెయ్యి వేసింది.

పదకొండుంపావుకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు కోటు విప్పి చేతి మీద వేసుకుంది. భుజాల మీద ఆ కోటు బరువుకు చెమట చారలు పడ్డాయి. అంత బరువు మోస్తూ మూడు గంటలు నిలబడింది ఆ సన్నటి పిల్ల.

"మంచిగైంది అమ్మా" అంది.

నాకు ఏడుపు రాలేదు. ముందు చూపించమన్నాను. నవ్వి, లోపలికి పిలిచి తెర మీద చూపించింది. క్లిప్పుకు ముందుదాంట్లో గుండె కొట్టుకున్నప్పుడల్లా రంగు పొంగి వెనక్కి తన్నుకొస్తోంది. అది ఆయన రెండేళ్ల ఆయాసం. తర్వాతదాంట్లో రెండు రెక్కల మధ్య క్లిప్పు పట్టుకుని ఉంది, వెనక్కి వచ్చేది సన్న దారమంత.

"మొదటిసారి పట్టింది గని నాకు నచ్చలే. ఒక రెక్క అంచు మీదికెళ్లి పట్టింది. ఇడిచిపెట్టిన. రెండోసారి లీకు పూర తగ్గలే. మళ్ల ఇడిచిన. మూడోసారి గట్టిగ పడ్డది" అంది, కూర ఎలా వండిందో చెప్పినంత మామూలుగా.

రెండుసార్లు పట్టి, రెండుసార్లు విడిచింది. బయట మేము ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నామని తెలిసీ తొందరపడలేదు. సగం పట్టు మీద వదిలేసి సరే అని ఉంటే మాకెవరికి తెలిసేది? తనకు తెలుసు, అంతే. తెలిసినదాన్ని తెలియనట్టు రాసుకున్న మనిషిని నేను. ఆమె ముందు నేనెంత? ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆమె గాభరా పడి, "అరే అమ్మా, చాయ్ తాగుండ్రి ముందు" అంది.

జనవరి 28

గొంతులోంచి ఎకో గొట్టం వేశారు కాబట్టి ఆయనకు గొంతు నొప్పి. బొంగురుగా మొదట అడిగింది, కుక్కర్లు దింపుకున్నారా అని. దింపుకున్నాం, రెండు సొట్టలు పడ్డాయి అని నిఖిలేష్ చెప్పాడు. అంతే, ఆ లారీ వాడినీ, వాడి ముందు తరాలనూ తిట్టడం మొదలుపెట్టారు. ఆపకుండా తిట్టారు. నర్సు వచ్చి, తాతా మెల్లగా అంది. కీర్తిప్రియా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. మధ్యలో ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు ఆ మనిషి.

నా కళ్ల వెంట నీళ్లు అప్పుడు వచ్చాయి.

ఫిబ్రవరి 14

63.4. ఒక దిండు. మాత్రలు అవే, మానకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. క్లిప్పు తలుపును పట్టుకుంటుంది గానీ గుండెను కొత్తది చేయదట. సరే. ఉన్నదాన్నే చూసుకుంటాం.

మార్చి 11

ఈరోజు చూపించుకుని వస్తున్నాం. నయాపూల్ మీద ఆటో ఇరుక్కుపోయింది. కోర్టు వదిలే వేళ, ముందూ వెనకా కదలదు. ఆయన పావుగంట ఓర్చుకుని, ఇక దిగి నడుద్దామన్నారు. వద్దు అనబోయి మానుకున్నాను.

దిగగానే జనంలో పడి నడిచిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని, దుకాణానికి పోయేటప్పటి నడక. నేను వెనక పరుగులాంటి నడక నడిచాను. ఈ ఏడాదంతా ఆయన పక్కన కూర్చుని నా మోకాళ్లు తుప్పు పట్టాయి. పిలుద్దామంటే ఊపిరి అందలేదు. జనంలో ఆయన తల కనబడకుండా పోయింది.

వంతెన సగానికి వచ్చేసరికి, పిట్టగోడకు ఆనుకుని నిలబడి కింద మూసీని చూస్తున్నారు. చాలా శ్రద్ధగా చూస్తున్నారు. నేను దగ్గరికి చేరి రొప్పు తీర్చుకున్నాక కూడా చూస్తూనే ఉన్నారు.

"మూసీల ఏమున్నదని గంతగనం జూస్తున్నరు?" అన్నాను.

"నువ్వు ఎప్పుడూ గాజుల్ల ఏం జూసేదానివి?" అన్నారు.

రెండేళ్లుగా ఆయనతో లాడ్ బజార్ మీదుగా ఎక్కడికి నడిచినా, ఆయన అడుగు తడబడినప్పుడల్లా నేను ఏదో ఒక గాజుల దుకాణం ముందు ఆగిపోయేదాన్ని. ఇవి చూపించు, అవి చూపించు అని బేరం చేసి, ఆయన ఊపిరి తిరిగాక ఏమీ కొనకుండా కదిలేదాన్ని. తన కోసం ఆగానని ఆయనకు తెలియకూడదని. దుకాణాల వాళ్లు నన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నారో. నేను గొప్పగా దాచాననుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మొదటి దినమే" అన్నారు. "నీకు గాజుల పిచ్చి ఎప్పుడున్నది?"

తర్వాత మిగతా వంతెన కలిసి నడిచాం. ఆయన నాకోసం మెల్లగా నడిచారు, నేను వద్దనలేదు. ఇంటికి వచ్చాక నన్ను కూర్చోమని, ఆయనే చాయ్ పెట్టారు. చక్కెర మరీ ఎక్కువైంది. తాగాను.